బాల లాఘవ తులాభారం

నూకరత్నం లావుగా ఉంటుందన్న సంగతి ప్రభుత్వం చెప్పేదాకా చింతలగరువులో ఎవరికీ తెలియదు. అంతవరకూ వాళ్ల మామ్మ ఎర్నమ్మ ఆ పిల్లను "పుష్టిగా ఉంది" అనుకునేది. ఇరుగుపొరుగు "తిన్న తిండి ఒంటికి పడుతోంది, అదృష్టం" అనేవారు. ఏడో తరగతి ఆడపిల్లలకైతే ఆ ఊసే లేదు. ఖోఖోలో రత్నం వెనకనుంచి వచ్చి వీపు మీద ఒక్కటి చరిచి "ఖో!" అందంటే, గడిలో కూర్చున్న పిల్ల లేచి పరిగెత్తకుండా ఉండటం ఎవరి తరమూ కాదు. వాళ్లకు తెలిసింది అదొక్కటే. "రత్నం ఖో ఇస్తే పాడె మీదున్నోడు కూడా లేచి లగెత్తుతాడర్రా" అనేవారు డ్రిల్లు మేష్టారు సింహాచలం.

పరుగులోనూ ఆ పిల్లకు సాటి లేదు. స్తంభం దాకా ఒకే ఊపున వెళ్లి, దాన్ని ఒంటిచేత్తో పట్టుకుని గిర్రున తిరిగి అవతలి వైపు వచ్చేసేది. ఆ తిరుగుడు చూసే మేష్టారు ఆమెను జట్టులోకి తీసుకున్నారు. దసరా సెలవులకు ముందు డివిజన్ పోటీలున్నాయి. ఎర్ర బనీను, వీపు మీద ఏడో నంబరు, బస్సులో కిటికీ పక్క సీటు. ఇవి తప్ప రత్నానికి లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. బనీను అప్పుడే ఇంటికి తెచ్చుకుని, దిండు కింద పెట్టుకుని పడుకునేది.

సరిగ్గా అప్పుడే ప్రభుత్వానికి పిల్లల ఒళ్ల మీద బెంగ పట్టుకుంది.

పథకం పేరు 'బాల లాఘవం'. పిల్లల్లో ఊబకాయం పెరిగిపోతోందని, పోషకాహార విద్యతోనూ వ్యాయామంతోనూ దాన్ని తగ్గించాలని పైవాళ్లు తలపెట్టారు. తలపెట్టింది మంచిదే, కాదనడానికి లేదు. ఆ మంచిని ఎలా చెయ్యాలో చెబుతూ ఉత్తర్వులు వచ్చాకే చిక్కు మొదలయింది. వాటి వెనకే జిల్లా నుంచి ప్రత్యేకాధికారి త్రివిక్రమరావు జీపులో దిగారు. ఇస్త్రీ చొక్కా తొడిగిన మునక్కాడలా ఉండే మనిషి. హెడ్మాష్టారు పేర్రాజు గారు ఎదురెళ్లి నమస్కారం పెట్టి, కుర్చీ వేయించి, అది ఊగకుండా కాలి కింద ఇటుక ముక్క పెట్టించారు.

"ప్రియమైన బాలబాలికలారా! నన్ను చూడండి," అన్నారు త్రివిక్రమరావు.

పిల్లలు చూశారు.

"కాలేజీ రోజుల నుంచి నేటి వరకు నా బరువు యాభై రెండు కిలోలు. ఒక గ్రాము పెరిగింది లేదు, ఒక గ్రాము తగ్గింది లేదు. దీన్నే ఆదర్శ భారం అంటారు. ఈ పథకం పరిధిలో నన్నే ప్రామాణికంగా స్వీకరించవలసిందిగా పైఅధికారులు ఆదేశించి ఉన్నారు."

అది నిజమే. ఆయన నిలువెత్తు ఫొటోతో పోస్టర్లు కూడా అచ్చయ్యాయి. బొమ్మ కింద 'నా భారం యాభై రెండు, నాలా ఉండండి' అని ఎర్రక్షరాల్లో ఉంది. ఒకటి బడి గోడకు అంటించారు.

ప్రతి బడీ కనీసం ఒక ఊబకాయ లబ్ధిదారును గుర్తించి తీరాలని ఉత్తర్వు. అది చదివిన దగ్గర్నుంచి పేర్రాజు గారికి నిద్ర లేదు. చెరుకు కొట్టేవాళ్ల పిల్లలు, బెల్లం వండేవాళ్ల పిల్లలు, అందరివీ ఎముకలు లెక్కపెట్టుకోదగిన ఒళ్లే. లబ్ధిదారు దొరక్కపోతే తన మీద చర్య తీసుకుంటారేమోనని ఆయన భయం. త్రివిక్రమరావు వరసల మధ్య నడుచుకుంటూ వచ్చి రత్నం దగ్గర ఆగారు.

"ఈ బాలిక."

"హమ్మయ్య," అన్నారు పేర్రాజు గారు పైకే.

అందరూ చప్పట్లు కొట్టారు. తనకేదో బహుమతి వచ్చిందనుకుని రత్నం కూడా కొట్టింది. తర్వాతి మాట విన్నాక ఆ చేతులు ఆగిపోయాయి.

"లబ్ధిదారులు సామాన్య భారానికి చేరినట్టు ధ్రువపత్రం పొందేవరకు పరుగు, గెంతు మొదలగు శ్రమతో కూడిన క్రీడల్లో పాల్గొనరాదు. ఆటల పీరియడులో వారికి వ్యాయామం గూర్చి బోధన జరుగుతుంది."

సింహాచలం మేష్టారు ఉండబట్టలేక లేచారు. "అయ్యా, పరిగెడితేనే గదండీ ఒళ్లు తగ్గుతాది? పరిగెట్టొద్దంటే ఎలాగండి?"

"మాస్టారూ, అవగాహన లేని వ్యాయామం ప్రమాదకరం. ముందు అవగాహన, పిదప ఆచరణ. అవగాహన ఈ ఆర్థిక సంవత్సరంలో. ఆచరణ తదుపరి దశలో."

ఆ సాయంత్రం రత్నం పుస్తకాల సంచీ గుమ్మంలోనే పడేసి బోరుమంది. ఎర్నమ్మ పొయ్యి దగ్గర్నుంచి లేచొచ్చింది.

"ఎవుడే నిన్ను లావన్నోడు? సెప్పు, ఆడి సంగతి నాను సూస్తాను."

"గవర్మెంటే మామ్మా."

ఎర్నమ్మ ఒక్క క్షణం ఆలోచించింది. ఆ పేరు గలవాడు వాళ్ల వీధిలో లేడు. "ఎవుడైతే ఏటిలే, నా గుంటకి దిష్టి ఎట్టేసినాడు," అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తెచ్చి దిగదుడిచి పొయ్యిలో వేసింది. మిరపకాయల ఘాటు రాలేదు. "సూసినావా, ఎంత దిష్టో!" అంది. రత్నం మాత్రం బనీను మొహం మీద కప్పుకుని ఏడుస్తూనే ఉంది.

తగ్గించాలంటే ముందు తూచాలి గదా. తూకం యంత్రాలు ఇంకా టెండర్లలో ఉన్నాయి. ఆస్పత్రిలో ఒకటి ఉంది గానీ అది ఆరోగ్యశాఖది. విద్యాశాఖ పిల్ల దాని మీద నిలబడాలంటే రెండు శాఖల మధ్య ఒప్పందం కుదరాలి. రేషన్ షాపు కాటా మీద బియ్యానికి తప్ప అనుమతి లేదు. బెల్లం మార్కెట్లో కాటాలకు కొదవ లేదు, కాకపోతే వాటికి సరుకు తూచడానికే ముద్ర వేశారు.

"బాలిక సరుకు కాదు," అన్నారు త్రివిక్రమరావు గంభీరంగా. "మనుషులను తూచుటకు ఆమోదం పొందిన సాధనమే కావాలి. స్థానికంగా ఏమైనా లభ్యమవునా?"

పేర్రాజు గారు బుర్ర గోక్కున్నారు. ఊళ్లో మనుషుల్ని తూచే త్రాసు ఒక్కటే ఉంది. వేణుగోపాలస్వామి గుడిలో తులాభారం త్రాసు. మొక్కున్నవాళ్లు పిల్లల్ని ఒక తట్టలో కూర్చోబెట్టి, రెండో తట్టలో ఎత్తుకు ఎత్తు బెల్లం పెట్టి స్వామికి సమర్పిస్తారు. "తూనికలు కొలతల వాళ్లు ఏటేటా దానికి ముద్ర కూడా వేస్తారండి," అని నసిగారు.

"అద్భుతం! స్థానిక వనరుల సద్వినియోగం అంటే ఇదే!"

పూజారి వరదాచార్యులు గారు త్రాసు ఇవ్వడానికి ఒప్పుకున్నారు. "కానీ దానికో పద్ధతుంది నాయనా. రెండో తట్టలో ఇనప గుళ్లు పెట్టకూడదు. ఈ ఊళ్లో తాతల నాటి నుంచీ బెల్లమే. ఇంకో మాట. ఆ తట్టలోకి ఎక్కింది ఏదైనా సరే, స్వామివారి సొత్తయిపోతుంది. వెనక్కి తీసుకుపోవడానికి లేదు. ప్రసాదంగా అక్కడికక్కడే పంచెయ్యాలి."

పేర్రాజు గారికి చిన్న అనుమానం వచ్చింది. "బెల్లం పంచితే పథకానికి విరుద్ధం కాదా సార్?"

త్రివిక్రమరావు మార్గదర్శక పుస్తకం తిరగేశారు. "పంచదార నిషిద్ధం. ఐస్‌క్రీము నిషిద్ధం. బెల్లం... ఆఁ, ఇదుగో. 'ఇనుము గల సంప్రదాయ ఆహారము' అన్నారు. కనుక బెల్లం పంపిణీ పోషకాహార విద్య కిందికే వస్తుంది." ఆ పళంగా ఉత్తర్వు కూడా రాయించారు. ఆలయ నియమాలను తు.చ. తప్పక పాటించవలెనన్న వాక్యం ఆయనే స్వయంగా చెప్పి రాయించింది.

త్రాసు వేలాడదీయడానికి గట్టి స్తంభాలు రెండు కావాల్సి వచ్చాయి. బళ్లో గట్టి స్తంభాలు రెండే ఉన్నాయి, అవి ఖోఖో స్తంభాలు. వాటిని పీకించి, ఆటస్థలం నడిమధ్యన పక్కపక్కన పాతించి, పైన అడ్డదూలం కట్టించారు. తను పట్టుకుని గిర్రున తిరిగే స్తంభం తనను తూచడానికి నిలబడటం చూసి రత్నానికి కడుపు రగిలిపోయింది.

మొదటి తూకానికి భజంత్రీలు పెట్టించారు. రత్నాన్ని తట్టలో కూర్చోబెట్టి మెళ్లో బంతిపూల దండ వేశారు. ఆచార్యులు గారు సంకల్పం మొదలుపెట్టి, "గోత్రం?" అన్నారు. రత్నానికి తెలియదు. పేర్రాజు గారు ఒకడుగు ముందుకేసి, "జిల్లా పరిషత్తు అనెయ్యండి," అన్నారు. అలా జిల్లా పరిషత్ గోత్రోద్భవురాలైన నూకరత్నానికి ఊబకాయ నివారణ ఫల సిద్ధ్యర్థం తులాభారం జరిగింది. బెల్లం దిమ్మ మీద దిమ్మ పేర్చారు. తట్టలు సమానంగా నిలిచేసరికి భజంత్రీలు గట్టిమేళం వాయించారు.

ప్రసాదంలో తొలి ముద్ద ముఖ్య అతిథికి.

"నేను తీపి ముట్టనండి," అన్నారు త్రివిక్రమరావు.

"స్వామివారి ప్రసాదం నాయనా," అన్నారు ఆచార్యులు గారు. ఊరంతా చూస్తోంది. త్రివిక్రమరావు నోట్లో వేసుకున్నారు. మేలైన బెల్లం, పైన ఏలకుల వాసన. ఆయన మొహం మెల్లగా విచ్చుకుంది. చెయ్యి దానంతటదే మళ్లీ ముందుకొచ్చింది. రెండో ముద్ద తూకానికి కూర్చున్న రత్నానిది, మిగతాది బడి మొత్తానికి. ఆ రాత్రి చింతలగరువులో పాకుండలూ బూరెలూ పరమాన్నమూ వండని ఇల్లు లేదు.

నెల తిరిగాక మళ్లీ తూచారు. రత్నం తట్టకు ఇంకాస్త బెల్లం పట్టింది.

"ఎందుకు పెరిగినట్టు?" అన్నారు త్రివిక్రమరావు.

"బెల్లం తినీ, పరిగెట్టకానండీ," అన్నారు సింహాచలం మేష్టారు.

"కాదు. పర్యవేక్షణ లోపం. నెలకోమారు తూస్తే ఇలాగే ఉంటుంది. ఇకమీదట వారానికోమారు తూచండి."

వారానికోమారు తూచారు. వారానికోమారు ఒక పిల్ల ఎత్తు బెల్లం బళ్లో పంచారు. ఎముకలు కనబడే పిల్లల బుగ్గలు బూరెల్లా తేలాయి. లబ్ధిదారులు ఒకరు నలుగురయ్యారు, నలుగురు తరగతి అయ్యారు. కొత్త లబ్ధిదారులందరినీ తూచాలి గనక బెల్లం ఇంకా తెచ్చారు. పై నుంచి చివాట్లు పడతాయని పేర్రాజు గారు వణికిపోతుంటే, పిలిచి శాలువా కప్పారు. 'ఇన్నాళ్లూ మరుగునపడి ఉన్న ఊబకాయాన్ని వెలికితీసిన పాఠశాల' అని ప్రశంసాపత్రం కూడా ఇచ్చారు. చింతలగరువు నమూనాను జిల్లా అంతా అమలు చెయ్యమన్నారు. ప్రతి గుడి త్రాసూ ఒక బడికి చేరింది. ప్రతి బళ్లోనూ ప్రారంభోత్సవం, ప్రతి ప్రారంభోత్సవానికీ త్రివిక్రమరావే ముఖ్య అతిథి, తొలి ముద్ద ఆయనదే. ఆయన చొక్కా ప్యాంటులోంచి బయటికి వదలడం మొదలుపెట్టారు. ఎండలకి అలా హాయిగా ఉంటుందన్నారు.

ఆటల పీరియడులో వ్యాయామ బోధన శ్రద్ధగా సాగింది. సింహాచలం మేష్టారు బోర్డు మీద పరిగెత్తే మనిషి బొమ్మ గీసేవారు. పిల్లలు చేతులు కట్టుకుని దాన్ని చూసేవారు. పరీక్ష కూడా పెట్టారు. 'పరుగు అనగానేమి? దాని ఉపయోగమును వ్రాయుము' అన్న ప్రశ్నకు రత్నం, 'పరుగు అనగా మా మేష్టారు బోర్డు మీద వేసిన బొమ్మ. దాని వలన పీరియడు అయిపోవును' అని రాసింది. మేష్టారు పూర్తి మార్కులు వేసి, బయటికెళ్లి కళ్లు తుడుచుకున్నారు.

ఆ రోజే ఆయన ఎర్నమ్మ ఇంటికొచ్చారు.

"అమ్మా, మీ గుంట లేకపోతే నాకు జట్టు లేదు. పోటీలు దగ్గరకొచ్చేసినాయి. తెల్లారగట్ల ఊరవతల మడిలో ఆడిపించుకుంటాను. ఎవులికీ తెలకూడదు. తెలిస్తే నా ఉద్యోగం పోతాది."

"ఆటే గదా బాబూ, దొంగతనమేటి?"

"ఈ రోజుల్లో అదే దొంగతనమమ్మా."

అలా చింతలగరువులో చాటుమాటు వ్యాయామం మొదలయింది. కోడి కూసే వేళ జట్టు పిల్లలు ఒక్కొక్కరే చడీచప్పుడూ లేకుండా ఇళ్లలోంచి జారుకునేవారు. రెండు తాటిచెట్లే స్తంభాలు. గట్టు మీద ఎర్నమ్మ కాపలా, ఎవరైనా వస్తే దగ్గాలి.

"ఎవులైనా అడిగితే బయలుకొచ్చినామని సెప్పండర్రా," అంది ఎర్నమ్మ.

"అమ్మో, అదీ కూడదు మామ్మా. దానికీ పథకముంది," అంది ఒక పిల్ల.

మొదటి రోజు రత్నానికి ఊపిరాడలేదు. తిన్న బెల్లమంతా కాళ్లలో కూర్చున్నట్టయింది. సగం దూరంలో చతికిలబడి, "నా వల్ల కాదు మేస్టారూ, నాను నిజంగానే లావైపోనాను," అని ఏడ్చింది.  ఎర్నమ్మ గట్టు దిగొచ్చి, "లెగవే! ఊరందరి బెల్లం నీ ఒక్కదాని కాళ్లలోనే ఉన్నాదేటి?" అని కసిరింది. రత్నం లేచింది. తాటిచెట్టు గరుకుకు అరచేతులు గీరుకుపోయాయి. పది పదిహేను రోజులకు మళ్లీ ఆ గిర్రున తిరుగుడు ఒంట్లోకి వచ్చింది. ప్రసాదం కాదనకూడదు గనక వారం వారం ముద్ద కళ్లకద్దుకునేది, చిటికెడు నోట్లో వేసుకుని మిగతాది మామ్మకి ఇచ్చేది. ఎర్నమ్మ దాన్ని ఆవుకు పెట్టేది.

కానీ జట్టులో లబ్ధిదారు రత్నమే, ధ్రువపత్రం లేనిదే ఆ పిల్ల పేరు ఉండదు. పోటీలు శనివారం. బస్సు పొద్దున్న తొమ్మిదికి కదలాలి. మేష్టారు కాళ్లావేళ్లా పడితే, శనివారం పొద్దున తామే స్వయంగా వచ్చి తూస్తామని త్రివిక్రమరావు కబురు పెట్టారు.

శనివారం వచ్చింది. రత్నం యూనిఫాం లోపల ఎర్ర బనీను తొడుక్కుని తట్టలో కూర్చుంది. ఎదురు తట్ట ఖాళీగా ఊగుతోంది. ఊళ్లో బెల్లం లేదు. ఊళ్లోనే కాదు, జిల్లాలోనే లేదు. అన్ని బళ్లలోనూ వారం వారం తూచేసరికి గిడ్డంగులు ఊడ్చుకుపోయాయి, కొత్త చెరుకు ఇంకా గానుగకు రాలేదు. బెల్లానికి పేరుపడ్డ ఊళ్లో బెల్లం ముక్క కోసం పేర్రాజు గారు ఇల్లిల్లూ తిరిగొచ్చి చెమట తుడుచుకుంటున్నారు. గోడ అవతల బస్సువాడు హారను మోగిస్తున్నాడు.

త్రివిక్రమరావు తొమ్మిది దాటాక వచ్చారు. జీపు దిగడానికి డ్రైవరు చెయ్యి అందించాడు.

"బెల్లం లేదా? అయితే తూకం వాయిదా. వచ్చే వారం చూద్దాం," అన్నారు.

 వచ్చే వారానికి పోటీలు అయిపోతాయి. రత్నం తాటిచెట్లు గీరిన అరచేతులకేసి చూసుకుంది, గోడ మీది పోస్టరుకేసి చూసింది. ఎప్పుడూ పెద్దవాళ్లకు ఎదురు మాట్లాడని పిల్ల నోరు తెరిచింది.

"సార్! మీ బరువు యాభై రెండు కిలోలని ఆ బొమ్మ కింద రాసుంది గదండి. మీరే ఆదర్శ భారం గదండి. మీరే ఆ తట్టలో కూకోండి. నాను మీకంటే బరువైతే ఆటకెల్లను. తేలికైతే కాయితం మీద సంతకం ఎట్టండి."

"ఏయ్, ఏమిటా మాటలు!" అని పేర్రాజు గారు అదిలించారు.

త్రివిక్రమరావుకు మాత్రం ఆ మాట వీనులకు విందుగా ఉంది. "ఆగండి. బాలిక పథకం స్ఫూర్తిని గ్రహించింది. ప్రామాణికం నేనే అయినప్పుడు బెల్లం దేనికి?" అని బూట్లు విప్పి, పిల్లలందరూ చూస్తుండగా, చొక్కా సర్దుకుని తట్టలో కూర్చున్నారు.

తట్ట ధన్‌మని నేలకు కొట్టుకుంది. రత్నం కూర్చున్న తట్ట ఒక్కసారిగా పైకి లేచింది. ఎంత పైకంటే, గోడ అవతల బస్సూ, కిటికీల్లోంచి చేతులూపుతున్న జట్టూ ఆ పిల్లకు స్పష్టంగా కనిపించాయి.

 పేర్రాజు గారు పోస్టరును చూశారు, మనిషిని చూశారు, మళ్లీ పోస్టరును చూశారు.

"త్రాసులో ఏదో దోషం..." అన్నారు త్రివిక్రమరావు.

"స్వామివారి త్రాసు నాయనా," అన్నారు ఆచార్యులు గారు చెవులు మూసుకుని.

త్రివిక్రమరావు గబగబా ఆలోచించారు. త్రాసు తప్పంటే జిల్లా లెక్కలన్నీ తప్పవుతాయి. తను పెరిగానంటే ప్రామాణికమే తప్పవుతుంది. తన బరువు యాభై రెండని ప్రభుత్వమే అచ్చువేసింది గనక అది యాభై రెండే. కాబట్టి ఆ పిల్ల అంతకన్నా తక్కువన్న మాటలో సందేహం లేదు. మోకాలి మీద పెట్టుకుని ధ్రువపత్రం మీద సంతకం పెట్టారు. సింహాచలం మేష్టారు కాగితం లాక్కుని, రత్నాన్ని తట్టలోంచి దింపి, చెయ్యి పట్టుకుని బస్సు దగ్గరికి లాక్కెళ్లిపోయారు.

త్రివిక్రమరావు కూడా లేవబోయారు.

"కూర్చోండి నాయనా," అన్నారు ఆచార్యులు గారు. "ఆ తట్టలోకి ఎక్కింది ఏదైనా స్వామివారి సొత్తని మొదటే మనవి చేశాను గదా. తిరిగి తీసుకుపోవడానికి లేదు."

"ఏమిటీ అన్యాయం! నేను ప్రభుత్వాధికారిని!"

పేర్రాజు గారు వినయంగా ఫైలు తెరిచారు. "తమరి ఉత్తర్వులోనే ఉందండి. ఆలయ నియమాలను తు.చ. తప్పక పాటించవలెను. తు.చ. అన్న ముక్క తమరే పట్టుబట్టి రాయించారు."

"మరి పెసాదంగా పంచాలి గదండీ, ముక్కలు సేస్తారేటి?" అని ఆరో తరగతి పిల్లాడొకడు అడిగాడు. త్రివిక్రమరావు మొహంలో రక్తం లేదు.

"హరి హరీ! మనిషిని పంచరు," అన్నారు ఆచార్యులు గారు. "ఎత్తుకు ఎత్తు బెల్లం ఇచ్చి విడిపించుకోవాలి. తెప్పించండి, ఎంతసేపు!"

బెల్లం కోసం నలుదిక్కులకూ మనుషులు వెళ్లారు.

అవతల డివిజన్ పోటీల్లో రత్నం ఆకలి మరిచిపోయి ఆడింది. స్తంభం నున్నగా ఉంది, తాటిచెట్టు కాదు. చెయ్యి వేస్తే చాలు, ఒళ్లు తనంతట తనే తిరిగిపోతోంది. ఎదుటి జట్టు పిల్లలు "ఆ లావుపిల్లని తప్పించుకోవడం తేలికే" అని మొదట నవ్వారు, కాసేపటికి నవ్వడం మానేశారు. ఆఖరి ఆటలో రత్నం జట్టు ఒక్క పాయింటుతో ఓడిపోయింది. రెండో కప్పు వచ్చింది. అయినా బస్సులో వాళ్లు వేసిన కేకలకి మొదటి కప్పు వచ్చినవాళ్లు కూడా తిరిగి చూశారు. కిటికీ పక్క సీటులో కప్పు ఒళ్లో పెట్టుకున్న రత్నానికి నవ్వు ఆగడం లేదు. తన ఒళ్లంటే ఆ పిల్లకు మళ్లీ ఇష్టం వచ్చేసింది.

సాయంత్రం బడి దగ్గర దిగేసరికి ఆటస్థలం నిండా జనం. త్రివిక్రమరావు ఇంకా తట్టలోనే ఉన్నారు. పొద్దున ఎవరో మెళ్లో వేసిన బంతిపూల దండ వాడిపోయి ఉంది. ఎదురు తట్టలో ఊరూరా అడిగి తెచ్చిన బెల్లం ముక్కలు పోగుపడుతున్నాయి గానీ, ఆ తట్ట కిందికి దిగడం లేదు. దిగదు మరి. పొద్దుటి నుంచి కూర్చున్న మనిషిని చూసి జాలిపడి ఎర్నమ్మ పులిహోర తినిపించింది, తర్వాత గారెలు తినిపించింది, ఇప్పుడు పరమాన్నం గిన్నెతో ఎదురుగా నిలబడింది.

"తినండి బాబూ, నీరసంగా ఉన్నారు. ఇంకో రెండు ముద్దలు."

"వద్దమ్మా, బరువు..." అంటూనే ఆయన నోరు తెరిచారు. కళ్లలో నీళ్లున్నాయి.

రత్నానికి ఆయన మీద కోపం రావాలి. పొద్దుటి దాకా వచ్చేది కూడా. ఇప్పుడు అందరి మధ్యా తట్టలో, మెళ్లో దండతో, లేవడానికి లేక కూర్చున్న ఆ మనిషిని చూస్తే అది రాలేదు. అలా కూర్చోవడం ఎలా ఉంటుందో ఊళ్లో ఇంకెవరికి తెలుసు? కప్పు మేష్టారి చేతిలో పెట్టింది. నెమ్మదిగా నడిచి ఆయన వెనక్కి వెళ్లింది. రెండు స్తంభాలనూ ఒకసారి చూసుకుంది. చెయ్యి ఎత్తి, ఆ రోజు ఆటలో మిగిలిన బలమంతా పెట్టి ఆయన వీపు మీద ఒక్కటి చరిచింది.

"ఖో!"

త్రివిక్రమరావు లేచారు. ఎందుకు లేచారో ఆయనకే తెలియదు. లేచి, బూట్లు లేకుండా, దండ ఎగురుతూ పరుగు లంకించుకున్నారు. "స్వామివారి సొత్తు! పట్టుకోండి!" అని వరదాచార్యులు గారు పంచె ఎగ్గట్టి వెంటపడ్డారు. "సార్, ఇక్కడ సంతకం!" అని పేర్రాజు గారు ఫైలుతో వెంటపడ్డారు. జీపు డ్రైవరు, బెల్లం తెచ్చినవాళ్లు, పరమాన్నం గిన్నెతో ఎర్నమ్మ, ఆ వెనక బడి బడంతా. కంగారులో త్రివిక్రమరావుకు గేటు కనిపించలేదు, ఆటస్థలం చుట్టూ తిరుగుతూనే ఉన్నారు. ఆయన వెంట లబ్ధిదారులందరూ కేరింతలు కొడుతూ తిరుగుతూనే ఉన్నారు. సింహాచలం మేష్టారు అలవాటు కొద్దీ ఈల ఊదారు. తర్వాత గునపం తెచ్చి స్తంభాల మొదట్లో తవ్వడం మొదలుపెట్టారు. రత్నం పక్కనే నిలబడి మట్టి ఎత్తిపోసింది.

చీకటి పడ్డాక పేర్రాజు గారు రొప్పుతూ కుర్చీలో కూలబడి, పైకి పంపవలసిన నివేదిక తీశారు. అందులో 'వ్యాయామం' అన్న గడి ఒకటుంది. ఇన్నాళ్లూ అక్కడ 'అవగాహన దశలో ఉన్నది' అని రాస్తూ వచ్చారు. ఈసారి మాత్రం 'జరిగినది' అని రాసి కింద గీత గీశారు. అబద్ధం కాదు. బాల లాఘవం వచ్చాక ఆ బళ్లో అందరూ చూస్తుండగా జరిగిన మొట్టమొదటి వ్యాయామం అదే.